అప్‌డేట్: "శంకరా నాదశరీరాపరా" పాటలో పాప గొంతు చీలడం, సమస్య తీరింది

"శంకరాభరణం" (1980) లోని ఈ పాట పాడుతుంటే మా పాప గొంతు పైస్థాయిలో చీలుతోందని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు. శ్రుతి (పాటకి ఆధారంగా పట్టుకునే 'స' ఎత్తు) చూడమన్నవాళ్ల మాటే నిజమైంది. కరోకే ట్రాక్ బాలు గారి శ్రుతిలో ఉంది. అదే స్థాయిలో పాడితే పాప గొంతు వినపడదు, పై స్థాయికి వెళ్తే అందదు. సంగీతం టీచర్ తంబురా యాప్‌లో పాపకి హాయిగా ఉన్న అయిదు శ్రుతి (కీబోర్డులో G) పెట్టి, ట్రాక్‌నీ అక్కడికి మార్పించారు. శ్రుతి మారినా రాగం మధ్యమావతే. మిరియాలు, పటికబెల్లం వాడాం గానీ తేడా లేదు. ఈఎన్‌టీ దాకా వెళ్లే పనే పడలేదు.

మొన్న నవరాత్రుల్లో మండపంలో పాడింది. పై షడ్జం (పైస్థాయి 'స') దగ్గర కళ్లు మూసుకుని, తొడమీద తాళం తప్పకుండా స్వరం నిలబెట్టింది, నా బంగారుతల్లి! వాళ్ల నాన్నకి వీడియో తీస్తుంటే చెయ్యి వణికింది.