మిర్చి తొడిమలు తీసే మిషన్‌: వీడియో పెట్టేశాక పేటెంట్ వస్తుందా?

నమస్కారం అండీ. మాది గుంటూరు. మా బాబాయి పదో తరగతితో ఆపేసి లేత్ పనిలో చేరారు. రెండేళ్లు కుస్తీ పట్టి ఎండుమిర్చి తొడిమలు తీసే చిన్న మిషన్ చేశారు. రెండు రబ్బరు రోలర్ల మధ్య తొడిమ ఇరుక్కుని ఊడొస్తుంది, కాయ చిట్లదు. ఆ ఘాటుకి పిన్ని తుమ్ములు మాత్రం ఆగలేదు, అది వేరే సంగతి.

పేటెంట్ కోసం ఒక కన్సల్టెంట్‌ని కలిస్తే 40 వేలు అడిగారు. ఆన్‌లైన్‌లో సొంతంగా వేస్తే మామూలు మనిషికి దరఖాస్తు ఫీజు 1,600 రూపాయలే. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేసి, 12 నెలల్లోపు పూర్తి వివరాలు ఇవ్వొచ్చు. మనకి చెన్నై పేటెంట్ ఆఫీసు. కాగితాలు మాత్రం ఇంగ్లిషులోనో హిందీలోనో ఉండాలి. బాబాయికి రెండూ రావు. నాకొచ్చిన ఇంగ్లిషు క్లెయిములు (మిషన్‌లో దేని మీద హక్కు కావాలో చెప్పే వాక్యాలు) రాయడానికి చాలట్లేదు.

అసలు టెన్షన్ వేరే. మా తమ్ముడు ఆగలేక పోయిన నెల మిషన్ వీడియో యూట్యూబ్‌లో పెట్టాడు. వెంటనే తీసేయించాను. లోపలి రోలర్లు అందులో కనిపించవు. అయినా పేటెంట్‌కి కావాల్సిన కొత్తదనం పోయినట్టేనా?

చేనేత చీరల కోసం దారాన్ని ఆసు పోసే ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారికి సాయపడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌కి తెలుగులో రాస్తే చూస్తారా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.