సోలాపూర్ యేముల్ వాళ్ళం, మా అసలు ఊరు ఏది?

ప్రశ్న (సోలాపూర్ నుంచి):
మాది సోలాపూర్ పూర్వ భాగ్. పద్మశాలీలం. మా ముత్తాత నిజాం ఇలాకా నుంచి మగ్గం పనికి ఇటు వచ్చిండట. ఆధార్‌లో ‘యేముల్’ అని ఉన్నా ఇంట్ల మేం వేములోళ్ళమే. వేముల అనే ఊరు పులివెందుల దగ్గర ఒకటుంది, పాలమూరు దిక్కు ఇంకొకటి. మా నాయనమ్మ ఏమో “మానేరు దాటి వచ్చినం” అనేది. ఆమె తెచ్చుకున్న ఇత్తడి బిందె మెడకు చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నయి. ‘సిరిసి’ వరకు కనబడుతది, మిగతాది చింతపండుతో తోమి తోమి అరిగిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలె?

జవాబు (హైదరాబాద్):
గయలో పండాల (పిండప్రదానం చేయించే పురోహితుల) దగ్గర పాత చిట్టాలు ఉంటాయండి, తాతముత్తాతల పేర్లతో సహా. ఒకసారి అడిగి చూడండి.

జవాబు (సిరిసిల్ల, రిటైర్డ్ పంతులు):
మీ ఇంట్ల ఎవరన్న గయకు పోయి పిండం పెడితేనే ఆ చిట్టాల పేరెక్కుతది. మగ్గం గుంతల కూసున్నోళ్ళకు గయ యాత్ర ఎక్కడిది?

తమ్మీ, ఇంటిపేరు పక్కకు పెట్టు. వేములోళ్ళు చానా కులాలల్ల ఉన్నరు. ముందుగాల గోత్రం చెప్పు. మనకు 101 గోత్రాలంటరు. ఇంటిపేరు ఒక్కటే అయినా గోత్రం వేరైతే వాళ్ళు మీ పాలోళ్ళు కారు.

ఇగ బిందె. దాని మీద పేరు ఆ బిందె పెట్టినోళ్ళదై ఉంటది, అంటే నాయనమ్మ తల్లిగారిల్లు. మానేరు దాటింది సుత ఆమెనే, మీ ముత్తాత కాదు. అయినా ఆనవాలు గట్టిదే. వలస పోయినోళ్ళు పిల్లను సొంతూరు దిక్కు నుంచే తెచ్చుకునేటోళ్ళు. చీకట్ల టార్చి పక్క నుంచి ఏటవాలుగ కొట్టి ఫొటో తీయి, అరిగిన చుక్కలు కొన్నన్న తేలుతయి.

1954-55 ఖాస్రా పహాణీ (పాత భూమి రికార్డు) చూడుమని ఎవరన్న చెప్తరు. అది భూమి ఉన్నోళ్ళ ముచ్చట. గుంట జాగ లేనోని పేరు అందుల ఏడుంటది, అందులోనూ అంతకు ముందే ఊరు ఇడిసిపోయినోనిది?

అంతకన్నా మన పద్మశాలీలకు కథ చెప్పే కూనపులోళ్ళను పట్టుకో. చేర్యాల నకాషీలు గీసిన పటం ఏలాడగట్టి మార్కండేయ పురాణం చెప్పేటోళ్ళు. వాళ్ళల్ల ఇంటికిన్ని ఊళ్ళని మిరాశి, అంటే తాతల నాటి హక్కు, ఉంటది. నా చిన్నప్పుడు మా వాకిట్ల పటం ఇప్పినాయన మా తాతకు తాత పేరు పలికి మరీ బియ్యం అడిగిండు, మా నాయనకే తెల్వదా పేరు! ఇప్పుడు పటం చెప్పేటోళ్ళు తక్కువైపోయిండ్రు, జల్ది కనుక్కో. అక్కడ సోలాపూర్ల మీ తాత చదివిన బడి రిజిస్టర్ల జన్మస్థలం గడి కూడ చూడు.

ప్రశ్న అడిగినాయన:
బిందె పూణెల చిన్నత్త దగ్గరుంది సార్, ఫొటో అడిగిన. గోత్రం మా నాయనకు యాదికి లేదట.

సిరిసిల్ల పంతులు:
గోత్రం చెప్పకుండ మీ నాయన పెండ్లెట్ల అయిందయ్యా? పెండ్లి చేసిన అయ్యగారినో, మీ మేనత్తనో అడుగు.