ట్రైల్ కెమెరా ఫొటోలు లెక్కబెడితే జింకల లెక్క తేలుతుందా?

అడవిబాట:
ట్రైల్ కెమెరాలో, అంటే చెట్టుకి కట్టేసి వదిలేస్తే జంతువు ఎదురైనప్పుడు దానంతటదే ఫొటో తీసే కెమెరాలో, ఈ ఏడాది ఫొటోలు రెట్టింపు పడ్డాయి కాబట్టి జింకలూ రెట్టింపయ్యాయని ఇక్కడ ఒకరు రాశారు. నేనొప్పుకోను. నీటిగుంట పక్కన కెమెరా కడితే ఒకే ఆడజింక పూటపూటకీ వచ్చి పడుతుంది. కెమెరాకి తెలిసేది రాకపోకలే, తలల లెక్క కాదు.

కొమ్ములచూపు:
అది నేనే రాశానండి. సరే, ఫొటోలు వదిలేద్దాం. మగవాటిని కొమ్ముల్ని బట్టి గుర్తుపట్టొచ్చు కదా? ఎన్ని కొనలున్నాయి, ఏ కొన విరిగింది, ఎడమ కొమ్ము ఎటు వంగింది అని చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. తెల్లతోక జింకల మీద జాకబ్‌సన్ బృందం 1997లో ప్రచురించిన పద్ధతి ఇదే. 120 మగ ఫొటోల్లో వేర్వేరు మగవి 12 తేలితే, పదికొకటి. అదే లెక్కన 300 ఆడ ఫొటోలంటే 30 ఆడజింకలు.

అడవిబాట:
చిక్కంతా ఆ "అదే లెక్కన" దగ్గరే ఉంది. మగదీ ఆడదీ కెమెరా ముందుకి ఒకేలా వస్తాయని ఎవరు చెప్పారు? ఎదకాలంలో మగవి తెగ తిరుగుతాయి. పిల్ల పుట్టిన కొత్తల్లో తల్లి దాన్ని పొదలో దాచి ఒంటరిగా వస్తుంది. కొమ్ములు రాలాక గుర్తుపట్టడమే కుదరదు. పైగా ఆ పద్ధతిలో మేత వేసి రప్పిస్తారు. బలమైన మగది మేత దగ్గర నిలబడితే మిగతావి దగ్గరికే రావు. జింకలన్నీ ఒకేచోట మూతులు పెడితే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ (జింకల మెదడుని దెబ్బతీసి చంపే జబ్బు) లాంటివి అంటుకునే ప్రమాదమూ ఉంది. లెక్క కోసం మందకి జబ్బు తెచ్చిపెడతామా?

రాత్రిచూపు:
గుర్తుపట్టే పనిలేని దారి ఉంది. రోక్లిఫ్ బృందం 2008లో ఇచ్చిన ర్యాండమ్ ఎన్‌కౌంటర్ మోడల్. ఎంత చోటులో ఎన్ని జింకలున్నాయో అది అంచనా కడుతుంది. అందుకు ఫొటోలు ఎంత తరచుగా పడుతున్నాయన్నదానితో పాటు జింక రోజుకి నడిచే దూరం, కెమెరా పట్టే దూరం, కోణం కావాలి. కెమెరాలు మాత్రం జింకల బాట మీద కట్టకూడదు, మ్యాప్ మీద ముందే గీసుకున్న గడుల ప్రకారం, ఆ చోటు ఎక్కడ వస్తే అక్కడే కట్టాలి. సగం మెమరీ కార్డులు ఖాళీగా వస్తాయి. ఆ ఖాళీ కూడా లెక్కలో భాగమే! ఇంకోటి, మండుటెండలో నేల వేడి జింక ఒంటివేడికి దగ్గరైతే సెన్సర్ దాన్ని పట్టుకోలేదు. మధ్యాహ్నం జింకలు లేవనుకుంటాం.

కొమ్ములచూపు:
నాలుగు కెమెరాలున్న వాళ్లేం చేయాలి మరి?

అడవిబాట:
ఏటా అదే నెల, అదే చెట్టు, అదే ఎత్తు, మేత లేకుండా. పిల్లలు తల్లుల వెంట తిరగడం మొదలయ్యాక తల్లులకి పిల్లలెన్ని పడుతున్నాయో చూడండి. ఏటేటా ఆ నిష్పత్తి పడిపోతుంటే మందకి ఏదో అయిందని అర్థం. "మొత్తం 42 జింకలు" అని మాత్రం రాయకండి.

కొమ్ములచూపు:
నిష్పత్తి సంగతి ఒప్పుకుంటున్నా. కానీ అడవిలో మేత జింకలకి సరిపోతుందో లేదో తేల్చాలంటే ఏదో ఒక సంఖ్య కావాల్సిందే. ఆ గడుల పద్ధతి నాలుగు కెమెరాలతో కుదురుతుందా, రాత్రిచూపు గారూ?

రాత్రిచూపు:
వారానికోసారి కెమెరాల్ని కొత్త గడుల్లోకి మార్చుకుంటూ పోతే కుదురుతుంది. కాలం ఎక్కువ పడుతుంది, అంతే.