ఊరి వార్తలు చూడకుండా ఉండలేకపోతున్నాను: డాలస్‌కు కొత్తగా వచ్చాను, సలహా చెప్పండి

సోంపేట అబ్బాయి:
అందరికీ నమస్కారం. ఆగస్టులో ఎమ్మెస్‌లో చేరాను. రాత్రి పదింటికి పుస్తకం తెరిచేసరికి మన ఊళ్లో తెల్లవారి ఉంటుంది, ఇక ఫోను మోగుతూనే ఉంటుంది. గ్రూపుల్లో వీడియోలు, యూట్యూబ్‌లో చర్చలు చూస్తూ రెండింటికి గానీ పడుకోవడం లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటే చాలు, గుండె దడ. పోనీ అన్నీ మానేద్దామంటే అమ్మానాన్నలను గాలికి వదిలేసినట్టు అనిపిస్తోంది. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారు?

పలాస పెద్దాయన:
బాబూ, ముందు తిత్లీ తుఫాను సంగతి చెబుతాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. ఇక్కడ ముందు రోజు సాయంత్రం. మన ఉద్దానం ప్రాంతం వాళ్లం నాలుగు కుటుంబాలం మా ఇంట్లో టీవీ ముందు చేరాం. ఏ చానల్ పెట్టినా అవే నాలుగు కొబ్బరిచెట్లు ఊగుతున్నాయి, కింద ‘సిక్కోలు (శ్రీకాకుళం) అతలాకుతలం’ అని అక్షరాలు. ఆడవాళ్లు ఏడుపు. కరెంటు స్తంభాలు కూలాయి, సెల్ టవర్లు మూగబోయాయి, మా ఊరి పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. చివరికి టెక్కలిలో ఉండే మా మేనల్లుడు బండి వేసుకుని, రోడ్డు మీద పడిన చెట్ల మీదుగా దాన్ని ఎత్తి దాటిస్తూ ఊరికి వెళ్లి, మళ్లీ సిగ్నల్ ఉన్న చోటికి వచ్చి ఫోను చేశాడు. మనుషులు క్షేమం, వంటింటి పెంకులు ఎగిరిపోయాయి, జీడితోట వేళ్లతో సహా లేచిపోయింది, తాగునీళ్లు లేవు. రెండు నిమిషాల ఫోను. అది విన్నాకే ఏం చేయాలో తెలిసింది: టార్పాలిన్లకూ, మోటారు ఆడించడానికి అద్దె జనరేటరుకూ డబ్బు పంపాం.

కాబట్టి నీకు కావలసింది చానల్ కాదు, మేనల్లుడు. ఊళ్లో ఒకరి నంబరు, ఊరి బయట టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఒకరి నంబరు రాసి పెట్టుకో. ఊళ్లో వైద్యం చేసే ఆయన నంబరు కూడా. ఇవన్నీ కరెంటు ఉన్న రోజుల్లోనే సేకరించుకోవాలి.

ఇక దడ సంగతి. అల్పపీడనం బలపడితే వాయుగుండం, ఇంకా బలపడితే తీవ్ర వాయుగుండం, ఆ తరువాతే తుఫాను. చాలా అల్పపీడనాలు నాలుగు చినుకులు రాల్చి పోతాయి. మొదటి మెట్టు దగ్గరే బెంబేలెత్తితే అక్టోబరు, నవంబరుల్లో నీ చదువు అటకెక్కినట్టే. విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్ ఇస్తుంది, కళింగపట్నం రేవులో ఎన్నో నంబరు సూచిక ఎగరేశారో అందులో ఉంటుంది. అది చదివి, ఇంటికి ఒక ఫోను చేసి, పడుకో.

బొబ్బిలి అక్క:
పెద్దాయన చెప్పినదంతా నిజమే. నేను రెండో వైపు చెబుతాను తమ్ముడూ. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టిన వారం మేము ఇక్కడే ఉన్నాం. 15వ తేదీ అర్ధరాత్రి దాటాక, టెక్సాస్ కరెంటు గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్ ఆదేశంతో కరెంటు కోతలు మొదలయ్యాయి. గంటో రెండు గంటలో అనుకున్నది కొందరికి రోజుల తరబడి సాగింది. పైపులు పగిలి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. కుళాయి నీళ్లు మరగబెట్టుకుని తాగమని హెచ్చరికలు వచ్చాయి. మా అపార్టుమెంట్లలో మన పిల్లలు కొందరికి బొబ్బిలి రాజకీయం మండలాల వారీగా తెలుసు, ఎర్కాట్ అనే సంస్థ ఒకటుందని మాత్రం తెలియదు. ఒక గదిలో కుర్రాళ్లు బార్బెక్యూ కుంపటి లోపలికి తెచ్చుకుని వెలిగించబోతే మా ఆయన వెళ్లి ఆపారు. బొగ్గు పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ వారం హ్యూస్టన్ వైపు అలా చనిపోయినవాళ్లు ఉన్నారు. లోకల్ వార్తల్లో దాని గురించి హెచ్చరిస్తూనే ఉన్నారు, వినేవాళ్లు వినలేదు.

ఇక్కడి వార్తలు చూడడమంటే వాషింగ్టన్ కొట్లాటలు కాదు. నీ కౌంటీ వాతావరణ హెచ్చరికలు, నీ నగరం నీటి సరఫరా, నీ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు పంపే ఈమెయిళ్లు. వీసా నిబంధనల మీద యూట్యూబ్ పండితుల కంటే ఆ ఈమెయిలే నమ్మకం.

రాజాం నుంచి:
నేను ఒప్పుకోను. ఇంటి దగ్గర ఎకరం భూమి ఉన్నవాడు రాజకీయం పట్టించుకోకపోతే ఎలా? 2024 ఎన్నికల ముందు భూ హక్కుల చట్టం మీద ఎంత గందరగోళం జరిగిందో చూశాం కదా.

పలాస పెద్దాయన:
చూశాం. ప్రభుత్వం మారింది, ఆ చట్టమూ రద్దయింది. ఈ మధ్యలో ఎన్ని చర్చలు చూస్తే నీ ఎకరానికి ఏం ఒరిగింది? ప్రభుత్వ భూ రికార్డుల సైటు ‘మీభూమి’లో సర్వే నంబరు కొట్టి 1బీ, అడంగల్ తీసి చూసుకో, పేరు తప్పుంటే నాన్నగారిని తహసీల్దారు ఆఫీసుకు పంపు. ఓటు వేయాలనుకుంటే ఫారం 6ఏ నింపి పాస్‌పోర్టులోని చిరునామా ప్రకారం నమోదు చేయించుకో. అయితే పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా పోలింగ్ బూత్‌కు వెళ్లాల్సిందే, ఇక్కడి నుంచి వేసే వీలు లేదు. ఆ రెండూ చేయకుండా జూన్ 4 లెక్కింపు కోసం రాత్రంతా మేలుకుని, మర్నాడు ఆఫీసులో కునికిపాట్లు పడినవాళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు. పేర్లు చెప్పను.

రాజాం నుంచి:
సరే సరే, అర్థమైంది.

పార్వతీపురం:
నేను చానళ్లన్నీ తీసేసి చాలా కాలమైంది. విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం మాత్రం వదలను. దసరా వెళ్లిన మంగళవారం తెల్లవారుజామునే లేచి లైవ్ చూస్తాను, మా పిల్లలూ లేస్తారు. (మమ్మల్ని ఇంకా విజయనగరం జిల్లా అంటున్నవాళ్లకు: 2022 ఏప్రిల్ 4 నుంచి మాది మన్యం జిల్లా. ఈ ఒక్క వార్తయినా చదవండి.)

సోంపేట అబ్బాయి:
అందరికీ ధన్యవాదాలు. ఒకటే ఇబ్బంది. వీడియోలు పంపేది నాన్నగారే. ‘చూశావా?’ అని అడుగుతారు. చూడలేదంటే చిన్నబుచ్చుకుంటారు.

బొబ్బిలి అక్క:
ఆయన అడగకముందే నువ్వే అడుగు. కొబ్బరికాయ ధర ఎంత పలుకుతోంది, నాట్లు అయ్యాయా, ఎవరింట్లో పెళ్లి కుదిరింది అని. ఇప్పుడు నీకు రాత్రి ఎనిమిదంటే అక్కడ ఉదయం ఆరున్నర, పొలానికి వెళ్లేముందు టీ తాగే వేళ. రోజూ అదే సమయానికి చెయ్యి. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారం ఒక గంట వెనక్కి జరుగుతుంది, అప్పటి నుంచి ఏడింటికే చెయ్యాలి. గ్రూపులను మ్యూట్‌లో పెట్టు, అమ్మానాన్నల నంబర్లకు మాత్రం రాత్రంతా రింగ్ వచ్చేలా ఉంచు. అవసరమైతే వాళ్లే చేస్తారు.

సోంపేట అబ్బాయి:
అలాగే అక్కా. ఇంకొక్క మాట. ఇవాళ మధ్యాహ్నం లైబ్రరీలో ఉండగా బయట పెద్ద సైరన్ మోగింది. ఎవరూ తల కూడా ఎత్తలేదు. ఏమిటది?

పలాస పెద్దాయన:
టోర్నడో సైరన్. నెలలో మొదటి బుధవారం పరీక్షిస్తారు, వాతావరణం బాగా లేకపోతే ఆ రోజు పరీక్ష పెట్టరు. వాతావరణం బాగా లేని రోజు మోగిందంటే మాత్రం నిజమే. కింది అంతస్తులో కిటికీలు లేని లోపలి గదిలోకి పరుగెత్తు. ఫోనులో టోర్నడో ‘వాచ్’ అని వస్తే ఏర్పడే పరిస్థితులు ఉన్నాయని, ‘వార్నింగ్’ అని వస్తే అది కనిపించిందనో, రాడార్‌లో పడిందనో. నీ ఫోనులో అత్యవసర హెచ్చరికలు ఆపేసి ఉన్నాయేమో ఇప్పుడే చూసుకో. చాలామంది గోల భరించలేక ఆపేస్తారు.

సోంపేట అబ్బాయి:
ఆపేసే ఉన్నాయి. ఇప్పుడే పెట్టాను.