ఆర్గాన్ గడ్డలో చిక్కిన అణువు అసలు అణువేనా?

పెన్నా తీరం, నెల్లూరు

నేను ఎమ్మెస్సీ ఫిజికల్ కెమిస్ట్రీ రెండో ఏడాది. శుక్రవారం నా సెమినార్, మ్యాట్రిక్స్ ఐసొలేషన్ ఐఆర్ (పరారుణ కాంతితో అణువుల కంపనాల్ని చూసే పద్ధతి) మీద. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చూడాలనుకున్న ఆవిరి ఒక వంతుకి ఆర్గాన్ వెయ్యి వంతులు కలుపుతారు. ఆ మిశ్రమాన్ని శూన్యంలో, 10 కెల్విన్ల దగ్గరున్న సీజియం అయొడైడ్ పలక మీదికి మెల్లగా వదులుతారు. ఆర్గాన్ అక్కడే గడ్డకడుతుంది, మన అణువులు ఒకదానికొకటి తగలకుండా అందులో విడివిడిగా ఇరుక్కుంటాయి. మామూలుగా క్షణంలో మాయమయ్యే చర్యా మధ్యస్థాలు (రసాయన చర్య నడుమ పుట్టే అణువులు) కూడా గంటల తరబడి నిలుస్తాయి, తీరిగ్గా స్పెక్ట్రమ్ తీసుకోవచ్చు. 1954లో బర్క్‌లీలో జార్జ్ పిమెంటెల్ బృందం మొదలుపెట్టిన పద్ధతి ఇది.

మొన్న రిహార్సల్‌లో మా సీనియర్ అన్న ఒకరు ఆపారు. "నువ్వు చూపిస్తున్నది అణువు కాదు, ఆర్గాన్ బిగించి పట్టుకున్న అణువు. ఐసు పెట్టెలో రొయ్యని చూసి చెరువులో అది ఎట్టా ఈదుతుందో చెప్పగలవా?" అన్నారు. జవాబు తోచలేదు. నేను చెప్పబోయే ప్రతి అంకె మీదా ఇప్పుడు నాకే అనుమానం పుట్టింది. పెద్దవాళ్లు చెప్పండి, ఆయన అన్నది నిజమేనా?

ఒంగోలు గాలి

ఆ రొయ్య మాట అన్నది నేనే. అమ్మాయిని బెదరగొట్టాలని కాదు, ఈ సంగతి నిజంగా నన్ను తొలుస్తోంది. లెక్కతోనే చెప్తాను.

రెండు నీటి అణువులు హైడ్రోజన్ బంధంతో జత కడితే, హైడ్రోజన్ ఇచ్చిన వైపు ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్) బంధం కంపించే పౌనఃపున్యం కిందికి దిగుతుంది. ఎంత దిగిందన్నదాన్నే బంధం బలానికి గుర్తుగా చూస్తాం. ఒంటరి నీటి సిమెట్రిక్ స్ట్రెచ్ (రెండు ఓహెచ్ బంధాలూ ఒకేసారి సాగి ముడుచుకునే కంపనం) ఆవిరిలో 3657 (అన్నీ సెం.మీ.⁻¹ లోనే). జత కట్టాక సూపర్‌సోనిక్ జెట్‌లో 3601, అంటే 56 దిగింది. ఆర్గాన్‌లో 3638 నుంచి 3574కి, 64. నైట్రోజన్ గడ్డలో 3635 నుంచి 3550కి, 85. అదే జంట, అదే బంధం. మూడు చోట్ల మూడు జవాబులు వస్తే నీటి సొంత జవాబు ఏది?

జెట్‌లో ఈ తగాదా లేదు. ఆవిరిని సన్నటి రంధ్రం గుండా శూన్యంలోకి చిమ్మితే అదే కొద్ది కెల్విన్లకి చల్లబడుతుంది, చుట్టూ పట్టుకునే గోడ ఏదీ ఉండదు. అందుకే కాంప్లెక్సుల (ఇట్టా జత కట్టిన అణువుల) సంగతి ఆవిరిలోనే తేలాలంటాను.

విశ్రాంత అధ్యాపకురాలు, కావలి

బాబూ, నీ అంకెలు సరైనవే. రొయ్య పోలిక మాత్రం సరికాదు. ఐసులో రొయ్య మీసం కూడా కదపదు. ఆర్గాన్‌లో నీటి అణువు 10 కెల్విన్ల దగ్గర కూడా తిరుగుతూనే ఉంటుంది! 3776, 3756, 3711 దగ్గర వచ్చే గీతలు ఆ భ్రమణానివే. 3734 దగ్గరది తిరగకుండా ఆగిన అణువుది. హెచ్‌సీఎల్ కూడా ఆర్గాన్‌లో తిరుగుతుంది. నైట్రోజన్ గడ్డలో నీరు తిరగలేదు, అందుకే అక్కడ స్పెక్ట్రమ్ శుభ్రంగా కనిపిస్తుంది. శుభ్రంగా ఉన్నదే నిజమని పిల్లలు అనుకుంటారు గానీ, ఇక్కడ వ్యవహారం తిరగబడింది. గజిబిజిగా ఉన్న ఆర్గాన్ స్పెక్ట్రమే ఆవిరికి దగ్గర.

అమ్మాయ్, ఇక నీకు. 3574 జంటదే అని ఎట్టా తెలిసిందని అడిగితే ఏం చెప్తావు? మిశ్రమంలో నీటి వంతు రెట్టింపు చేస్తే ఒంటరి అణువు పీకు (స్పెక్ట్రమ్‌లో దాని గీత) రెట్టింపవుతుంది, జంట పీకు దాదాపు నాలుగింతలవుతుంది. తర్వాత గడ్డని 30 కెల్విన్ల దాకా వెచ్చబెట్టి మళ్లీ చల్లార్చాలి. ఆ వెచ్చదనానికి ఒంటరి అణువులు జరుగుతూ జరుగుతూ ఒకదాన్నొకటి చేరుకుంటాయి. ఒంటరిది తగ్గి జంటది పెరగాలి. చివరికి హైడ్రోజన్ బదులు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెడితే ఆ పీకు అంకెని ఇంచుమించు 1.35తో భాగించినంత కిందికి జారాలి. ఈ మూడూ కలిస్తేనే పీకుకి పేరు పెట్టాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను పనిచేసిన కాలేజీ సముద్రానికి దగ్గర. కేబీఆర్ పెల్లెట్ (ఐఆర్ కోసం సమ్మేళనాన్ని పొటాషియం బ్రోమైడ్ పొడితో కలిపి నొక్కే బిళ్ల) నొక్కేలోపే తేమ లాక్కునేది. 3400 దగ్గర వెడల్పాటి లోయ, 1630 దగ్గర ఇంకొకటి. రెండూ నీటివే. ఏళ్ల తరబడి పిల్లలు 3400ని తమ సమ్మేళనంలోని ఓహెచ్ అని రికార్డుల్లో రాశారు, మేం సంతకాలు పెట్టాం. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

గిద్దలూరు కుర్రాడు

చిన్న సందేహం సార్, మేడం. మా నాన్న గోపాలమిత్ర. ఒంగోలు గిత్తల వీర్యం గొట్టాలు లిక్విడ్ నైట్రోజన్ క్యాన్‌లో మా ఇంట్లోనే ఉంటాయి. మైనస్ 196 డిగ్రీలు. ఆ చల్లదనం చాలదా? డిగ్రీ కాలేజీలో అయినా చేసుకోవచ్చు గదా.

విశ్రాంత అధ్యాపకురాలు, కావలి

మంచి ప్రశ్న నాయనా. మైనస్ 196 అంటే 77 కెల్విన్లు. ఆర్గాన్ 84 దగ్గర గడ్డకడుతుంది కాబట్టి 77 దగ్గర గడ్డే. కానీ శూన్యంలో అది పలక మీద నిలవదు, ఆవిరైపోతుంది. పైగా గడ్డ తన ద్రవీభవన ఉష్ణోగ్రతలో ఇంచుమించు మూడో వంతు దాటితే లోపలి అణువులు జరగడం మొదలుపెడతాయి. ఆర్గాన్‌కి ఆ హద్దు 30 కెల్విన్ల చుట్టుపక్కల. అందుకే హీలియంతో నడిచే క్రయోస్టాట్ (అతి చల్లగా ఉంచే పరికరం) కావాలి, అదే ఖరీదు. మనకి దగ్గర్లో చూడాలంటే చెన్నై దాటాక కల్పాక్కం. అక్కడి ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రంలో ట్రైమిథైల్ ఫాస్ఫేట్ వంటి అణువుల రూపాల్ని ఈ పద్ధతితోనే చదివారు. అణు ఇంధనాన్ని శుద్ధి చేసేటప్పుడు వాడే ట్రైబ్యుటైల్ ఫాస్ఫేట్ దానికి పెద్దన్న లాంటిది.

ఒంగోలు గాలి

తిరుగుతుందన్న మాట ఒప్పుకుంటున్నాను మేడం, ఆ పోలిక వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా భయం తీరలేదు. 2000లో హెల్సింకిలో రసానెన్ బృందం హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ని ఆర్గాన్‌లో గడ్డకట్టించి, వెలుగుతో విరగ్గొట్టి, తర్వాత వెచ్చబెట్టింది. హైడ్రోజన్‌కీ ఫ్లోరిన్‌కీ మధ్య ఆర్గాన్ చేరి కొత్త అణువే పుట్టింది. ఏ పనీ చేయదని నమ్మి పెట్టుకున్న వాయువే చర్యలో దిగింది. అట్టాంటప్పుడు మనం పట్టామనుకునే మధ్యస్థం ఆర్గాన్ పుట్టించింది కాదని ఎవరు హామీ ఇస్తారు?

ఆత్మకూరు ల్యాబ్

హామీ ఇచ్చేది ఐసోటోపులే (ఒకే మూలకానివే అయినా బరువులో తేడా ఉన్న పరమాణువులు). ఆ ప్రయోగాన్నే చివరిదాకా చూడండి. 1969.5 దగ్గర వచ్చిన పీకు, హైడ్రోజన్ బదులు డ్యుటీరియం పెడితే జరిగింది. ఆర్గాన్-40 బదులు ఆర్గాన్-36 వాడినా కొద్దిగా జరిగింది. అంటే ఆర్గాన్ బంధంలో ఉందని ఆ స్పెక్ట్రమే చెప్పింది. ఆర్గాన్ దాక్కోలేదు, దొరికిపోయింది. మామూలు అణువుకి ఆర్గాన్ ఐసోటోపు మారిస్తే అట్టా జరగదు. మీరు పద్ధతి బలహీనత అని చూపించింది నా కంటికి దాని బలం.

మధ్యస్థాల సంగతి కూడా వచ్చింది కాబట్టి చెప్తాను. ఓజోన్ ఆల్కీన్‌తో (కార్బన్ల మధ్య జంట బంధం ఉన్నదానితో) కలిస్తే మధ్యలో కార్బొనైల్ ఆక్సైడ్ (కార్బన్‌కి రెండు ఆక్సిజన్లు వరసగా తగిలిన అణువు) పుడుతుందని 1949లో రుడాల్ఫ్ క్రీగీ అన్నాడు. 1980ల్లో పెద్ద కార్బొనైల్ ఆక్సైడ్లని కార్బీన్ (రెండు బంధాలే ఉన్న కార్బన్ అణువు), ఆక్సిజన్ కలిపి ఆర్గాన్‌లో పట్టి ఐఆర్ తీశారు. అన్నిటికన్నా చిన్నదాని ఐఆర్ ఆవిరిలో దొరకడానికి 2013 దాకా ఆగాలి. తైవాన్‌లో యువాన్-పెర్న్ లీ బృందం డైఅయొడోమీథేన్‌ని లేజర్‌తో విడగొట్టి, ఆక్సిజన్‌తో కలిపి, మైక్రోసెకన్ల లెక్కన ఐఆర్ చూసింది. ఆక్సిజన్-ఆక్సిజన్ కంపనం 908 దగ్గర. ఆవిరి వాళ్లు అక్కడికి చేరేసరికి ఆర్గాన్ వాళ్లు మూడు దశాబ్దాల నుంచి ఆ కుటుంబాన్ని చదువుతున్నారు. ముందు దారి వేసినవాళ్లని కాదంటే ఎట్టా?

ఒంగోలు గాలి

కాదనడం లేదు. ఉందా లేదా అనే ప్రశ్నకి ఆర్గాన్ సాక్ష్యం చాలు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఎంత బలం అనే ప్రశ్నకి మాత్రం చాలదు. 2011లో ఐయూపీఏసీ (రసాయన శాస్త్ర అంతర్జాతీయ సంఘం) హైడ్రోజన్ బంధానికి ఇచ్చిన కొత్త నిర్వచనంలో కూడా, పీకు కిందికి దిగడాన్ని "సాధారణంగా" జరిగేదనే రాశారు. ఆ బృందానికి నాయకత్వం వహించింది బెంగుళూరు ఐఐఎస్సీ అరుణన్ గారు. పైకి జరిగే హైడ్రోజన్ బంధాలూ ఉన్నాయి. కాబట్టి ఆర్గాన్‌లో తీసిన 64నీ, ఇంకెవరో నైట్రోజన్‌లో తీసిన అంకెనీ ఒకే పట్టికలో పెట్టి ఇది బలం, అది బలహీనం అంటే ఊరుకోను.

విశ్రాంత అధ్యాపకురాలు, కావలి

ఆ మాటకి నా ఓటు కూడా నీకే. ఒకే గడ్డలో తీసినవాటినే ఒకదానితో ఒకటి పోల్చాలి. గడ్డ పేరు రాయకుండా ఇచ్చిన అంకె పనికిరాదు. అయినా ఆవిరి విలువ 56కి ఆర్గాన్ 64 ఎంత దగ్గరో చూడు. గోడ ఉంది, కానీ పల్చటి గోడ. ఇంకా పల్చటిది కావాలంటే 0.37 కెల్విన్ల హీలియం బిందువులున్నాయి, అక్కడి విలువలు ఆవిరిని దాదాపు ఆనుకునే ఉంటాయి.

పెన్నా తీరం, నెల్లూరు

అందరికీ దండాలు. పాత స్లైడ్ తీసేశాను. అందులో "నీటి జంట పీకు 3574" అని మాత్రమే ఉండేది. ఇప్పుడు ఆవిరి, ఆర్గాన్, నైట్రోజన్ మూడూ పక్కపక్కన, ఒక్కోదాని కింద దాని సొంత ఒంటరి అణువు విలువతో సహా రాశాను. అన్నా, నైట్రోజన్‌లో 85 ఎందుకని మీరు లేచి అడుగుతారని తెలుసు. నీటి హైడ్రోజన్‌ని నైట్రోజన్ కూడా బలహీనంగా పట్టుకుంటుంది. ఆర్గాన్‌లో కాస్త నైట్రోజన్ కలిపితే నీరు-నైట్రోజన్ జంట పీకులు విడిగా వస్తాయి. నైట్రోజన్ గడ్డలో నీటి జంట చుట్టూ అన్ని వైపులా ఆ చేతులే. నా జవాబు అక్కడ మొదలుపెడతాను.

ఒంగోలు గాలి

అడుగుతానమ్మా. ముందు వరసలోనే కూర్చుంటాను.