కార్మెల్ కొండమీద డ్రూజ్ భోజనం: శాకాహారులకు ఏమి దొరుకుతుంది?

భవానీనగర్ మాస్టారు (తిరుపతి):
మా అమ్మాయి ఇజ్రాయెల్ దేశం హైఫా నగరంలోని సాంకేతిక విశ్వవిద్యాలయం టెక్నియాన్‌లో పరిశోధన చేస్తోంది. వచ్చే నెల నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. దాలియత్ అల్ కర్మెల్ అనే ఊళ్ళో డ్రూజ్ అనే మతానికి చెందిన ఒక కుటుంబం ఇంట్లోనే వండి వడ్డిస్తుందట, అక్కడికి తీసుకెళ్తానంటోంది. మేము మాంసం, గుడ్డు ముట్టం. మా ఆవిడ పులిహోర కట్టుకుపోదామంటోంది. భోజనానికి పిలిచిన ఇంటికి మన డబ్బా పట్టుకెళ్ళడం నాకు సుతరామూ ఇష్టం లేదు. మేము తినదగినవి ఏముంటాయి?

పలమనేరు నర్సు:
మాస్టారూ, డబ్బా అక్కర్లేదు. హైఫాలో నేను ఒక పెద్దావిడను చూసుకునేదాన్ని. అక్కడ పరిచయమైన డ్రూజ్ అమ్మాయి తన ఊరు ఇస్ఫియాకు తీసుకెళ్ళింది, దాలియత్‌కు పక్క ఊరే.

ముందు రొట్టె గురించి చెప్పాలి. సాజ్ అనే పెనం బోర్లించిన బాణలిలా ఉబ్బెత్తుగా ఉంటుంది. వాళ్ళమ్మ పిండిముద్దను చేతుల మీద తిప్పుతూ పల్చగా సాగదీసి, గుండ్రటి దిండు మీద పరిచి, ఒక్క ఊపున పెనం మీద వేసింది. క్షణాల్లో కాలింది. వేడి తగ్గకముందే లబనే రాసి, ఆలివ్ నూనె పోసి, జాతర్ చల్లి, మడిచి చేతిలో పెట్టింది. లబనే అంటే ఉప్పు కలిపి గుడ్డలో వడగట్టిన పెరుగు. జాతర్ అంటే వాము వాసన వచ్చే కొండ ఆకును ఎండబెట్టి, నువ్వులు, పుల్లటి సుమాక్ కలిపిన పొడి. పొడీ నూనె రుచి తెలిసిన మనవాళ్ళకు ఇక కూరతో పనే లేదు!

ముజద్దరా తప్పక తినండి. పొట్టుతో ఉన్న మసూర్‌పప్పును గోధుమ నూకతోనో బియ్యంతోనో ఉడికించి, బాగా ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు పైన వేస్తారు. కుబ్బే అనే గోధుమ నూక ఉండల జోలికి మాత్రం వెళ్ళకండి, లోపల మాంసం ఉంటుంది. అన్నం పెట్టి చుట్టిన ద్రాక్ష ఆకుల్లోనూ కీమా కలపవచ్చు. ముందురోజే అమ్మాయిచేత ఫోను చేయించండి. మొదట కొంచెమే పెట్టించుకోండి, కంచం ఖాళీ అయితే మళ్ళీ నింపేస్తారు.

చరిత్ర అధ్యాపకుడు (చిత్తూరు):
ఒక్క మాట కలుపుతాను. డ్రూజ్ మతం 11వ శతాబ్దంలో, ఈజిప్టును ఏలిన ఫాతిమిద్ వంశపు ఖలీఫా అల్ హాకిమ్ కాలంలో కైరోలో పుట్టింది. ఆయన ములుఖియా అనే ఆకుకూరను నిషేధించాడు. నిష్ఠగా ఉండే డ్రూజ్‌లు నేటికీ దాన్ని తినరు. పంది మాంసం, మద్యం కూడా ముట్టరు. పునర్జన్మను నమ్ముతారు. కానీ వారి గ్రంథాలు దీక్ష తీసుకున్నవారికే పరిమితం, కాబట్టి మతం గురించి గుచ్చి గుచ్చి అడగవద్దు. శనివారం ఆ ఊళ్ళు సందర్శకులతో కిక్కిరిసిపోతాయి. మామూలు రోజు వెళ్తే ఇంటివారితో తీరిగ్గా మాట్లాడవచ్చు.

భవానీనగర్ మాస్టారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మంగళవారం వెళ్తాం. ఉల్లి తింటాం, ఇబ్బంది లేదు. అమ్మా, ఇంటివాళ్ళకు మా ఆవిడ నువ్వులుండలు చేస్తానంటోంది, తీసుకెళ్ళవచ్చా?

పలమనేరు నర్సు:
నిరభ్యంతరంగా. నువ్వులు వాళ్ళ వంటింట్లో రోజూ వాడేవే. తాజాగా చేసి, గాలి చొరని డబ్బాలో పెట్టండి.