కొండపువ్వు ఫోటో పెడితే ఎక్కడ తీశామో కూడా చెప్పాలా?

కొండగోగు (పలాస):
అందరికీ నమస్తే. తప్పు నాదే, ముందే ఒప్పుకుంటున్నా. జూన్‌లో మందస అవతల కొండ మొదట్లో ముసలి మామిడిచెట్టు కొమ్మకి ఒక ఆర్కిడ్ పూసి కనిపించింది. గోధుమరంగు రేకుల మీద గళ్ళు గళ్ళు, మధ్యలో పెదవిలాగ ఉన్న రేకు ఊదారంగు, దగ్గరికెళ్తే మంచి వాసన. నాది సచివాలయంలో ఉద్యోగం, రోజూ ఏ ఫోటో తీసినా జీపీఎస్ కెమెరా యాప్‌తోనే తియ్యాలి, ఆ అలవాటులో దీన్ని కూడా అందులోనే తీసేశా. కింద మ్యాపు, అక్షాంశం, రేఖాంశం, టైము అన్నీ అచ్చయిపోయాయి, నేను చూసుకోలేదు, అలాగే రెండు గ్రూపుల్లో "ఇదేం పువ్వు" అని పెట్టేశా. మూడు వారాలకి మళ్ళీ వెళ్తే కొమ్మ మీద వేళ్ళు పట్టుకున్న మచ్చలు తప్ప ఏం లేవు, చెట్టు కింద ఒక దోటి పడి ఉంది. అప్పట్నుంచి నా మాట ఒకటే, కొండపూల ఫోటోలకి లొకేషన్ పెట్టకూడదు, అడిగినా చెప్పకూడదు. మీరేమంటారు?

టెక్కలి_రాయి:
మీ బాధ అర్థమైంది గానీ నేను ఒప్పుకోను అప్పా. మన జిల్లా పేరు మీద ప్రపంచమంతా తిరిగేది ఏటనుకున్నారు, పువ్వు కాదు, శ్రీకాకుళం బ్లూ అనే గ్రానైట్ రాయి. మా టెక్కలి చుట్టూ ఎన్ని కొండలు కోసేశారో నేను చిన్నప్పట్నుంచి చూస్తన్నాను. ఒక కొండ మీద ఏమేం మొక్కలున్నాయో ఎక్కడా రికార్డు లేకపోతే "పొదలు, రాళ్ళు" అని ఒక ముక్క రాసి పడేస్తారు, అక్కడితో కొండ పని అయిపోద్ది. అదే తేదీతో, లొకేషన్‌తో వంద ఫోటోలు ఉంటే రేపు ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి చేతిలో కాగితం ఉంటది. దాచేస్తే దొంగకీ తెలీదు, కాపాడేవోడికీ తెలీదు. దోటి పట్టుకుని వొచ్చినోడు ఒక మొక్క పట్టుకెళ్ళాడు, పొక్లెయిన్ వస్తే కొండే పట్టుకెళ్తది.

సముద్రం_గాలి (బారువ):
ఇంతకీ అది బదనికే కదా? మామిడిచెట్టు రసం పీల్చేసి చంపేస్తది, మా తాతయ్య కనిపిస్తే కొమ్మతో సహా నరికించేవోడు. పోతే పోయింది, చెట్టు బాగుపడ్డాది.

ఆకు_వెనక (విజయనగరం):
బాబూ, ఆగాగు. బదనిక వేరు, ఇది వేరు. బదనిక తన వేరుని చెట్టు కొమ్మలోకి దించి నీళ్ళూ లవణాలూ లాక్కుంటుంది, ఎర్రగా గొట్టాల్లాంటి పూలు పూస్తుంది, దాని గురించి మీ తాతగారు చేసింది సరైన పనే. ఈవిడ చెప్పిన పోలికని బట్టి ఇది వాండా టెస్సలేటా అనే ఆర్కిడ్. ఇది చెట్టు మీద కూర్చుంటుందంతే, చెట్టులోంచి ఏమీ తీసుకోదు. గాల్లో వేలాడే వేళ్ళ మీద స్పంజిలాంటి తెల్లటి పొర ఉంటుంది, వానపడితే అది నీళ్ళు పీల్చుకుని ఆకుపచ్చగా మారుతుంది. మన జనం చెట్టు మీద ఏది మొలిచినా బదనికే అంటారు, దానివల్ల పాపం చాలా ఆర్కిడ్లు పోయాయి.

పట్టుకెళ్ళినవాడు దాన్ని కుండీలో మట్టిలో పాతి ఉంటాడు, నేను చూసినవాళ్ళు నూటికి తొంభైమంది అదే చేశారు. వేళ్ళకి గాలి ఆడక కుళ్ళిపోతుంది, రెండు నెలలు కూడా బతకదు. ఆర్కిడ్ విత్తనం దుమ్ముకన్నా సన్నం, లోపల తిండి నిల్వ ఉండదు, ఒక రకం బూజు తోడు దొరికితేనే మొలకెత్తుతుంది. అందుకని లక్ష విత్తనాలు రాలినా ఒకటో రెండో బతుకుతాయి, అవి మళ్ళీ పూతకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆర్కిడ్లన్నిటినీ అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న సైటీస్ జాబితాల్లో పెట్టింది ఊరికే కాదు.

ఇక అసలు ప్రశ్న. గుర్తుపట్టడానికి నాకు అక్షాంశాలు అక్కర్లేదు. ఏ మండలం, ఎంత ఎత్తు, ఏ నెల, చెట్టు మీదా నేల మీదా రాతి సందులోనా, ఇవి చాలు. కావలసింది వేరే ఉంది, ఎవ్వరూ తియ్యనిది. ఆకు వెనక వైపు ఫోటో. పువ్వు మొహం ఒక్కటే నలభై ఫోటోలు తీసి పంపుతారు, పువ్వు వెనకాల రక్షక పత్రాలు ఎలా ఉన్నాయో, ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా, కాడ మీద నూగు ఉందా, ఇవేమీ ఉండవు.

పుణ్యగిరి_మబ్బు (ఎస్.కోట):
మాస్టారు చెప్పింది నాకు అనుభవం. పుణ్యగిరి దారిలో తెల్లపూల చెట్టు ఫోటో తీసి ఫోన్‌లో యాప్‌ని అడిగితే కొడిశపాల అంది, నేను అదే పేరు పెట్టుకుని తిరుగుతున్నా, మాస్టారు చూసి "పువ్వు మధ్యలో తెల్లటి కుచ్చు ఉంది కదమ్మా, ఇది అంకుడు, కొడిశపాలకి ఆ కుచ్చు ఉండదు" అన్నారు. తర్వాత కాయలు వచ్చాక చూశా, రెండేసి కాయలు కొసన అతుక్కుని వేలాడుతున్నాయి, కొడిశపాలకైతే విడివిడిగా ఉంటాయిట. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర ఇదే అని తెలిసి సిగ్గేసింది, ఇంట్లో లక్కపిడతలు పెట్టుకుని చెట్టుని గుర్తుపట్టలేదు.

ఇంకో మాట, లొకేషన్ సంగతి సరే, ఫోటో కోసం పువ్వు తెంపేవాళ్ళ సంగతేంటి? నల్లగుడ్డ మీద పెట్టి తీస్తే బాగా వస్తుందని కోసేస్తారు. మబ్బుగా ఉన్న పొద్దున్న వెళ్తే చాలు, ఎండగా ఉంటే పక్కవాళ్ళని తెల్ల తువ్వాలు అడ్డం పట్టుకోమంటే చాలు, నీడ మెత్తగా పడి రేకుల గీతలు కూడా కనిపిస్తాయి. సైజు తెలియాలంటే పక్కన పదిరూపాయల బిళ్ళ పట్టుకోండి, అది 27 మిల్లీమీటర్లు.

టెక్కలి_రాయి:
మాస్టారూ, మీకు మండలం చాలు, సరే. కానీ అధికారుల ముందు "మందస మండలంలో ఎక్కడో ఉంది" అంటే ఎవడు వింటాడు? సర్వే నంబరు అడుగుతారు.

ఆకు_వెనక (విజయనగరం):
అడుగుతారు, నిజమే. అందుకే అసలు లొకేషన్ రికార్డులో ఉండాలి, జనానికి కనబడకూడదు. మొక్కల, జంతువుల ఫోటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో ఆ వీలుంది. అంతరించే జాబితాలో ఉన్న జాతి అయితే లొకేషన్‌ని అదే మసక చేసేస్తుంది, మిగతావాటికి మనమే ఆ ఆప్షన్ ఎంచుకోవాలి. అప్పుడు బయటివాళ్ళకి 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక చుక్క కనిపిస్తుంది, అంటే అటూ ఇటూ ఇరవై కిలోమీటర్లకి పైనే, వెతుక్కోమనండి. అసలు పాయింటు మీ ఖాతాలో భద్రంగా ఉంటుంది, అవసరమైన రోజున తీసి చూపించొచ్చు.

అన్నిటికీ ఇది అక్కర్లేదు కూడా. మోదుగ, రేల, కొండగోగు, బూరుగ, వీటికి దాపరికం ఏమిటి, ఫిబ్రవరి నుంచి మే దాకా బస్సు కిటికీలోంచే కనిపిస్తాయి. వేళ్ళతో పీక్కెళ్ళేవాటికీ దుంప తవ్వేవాటికీ మాత్రం నోరు కట్టుకోవాలి. అడవినాభి సంగతి చెప్తున్నా, పువ్వు మంటలాగ ఎంత అందంగా ఉంటుందో దుంపలో అంత విషం, కోల్చిసిన్, ప్రాణం పోతుంది. ఎవరో మందనుకుని తవ్వుకెళ్తే మొక్కా పోయె, మనిషీ పోయె.

మహేంద్ర_తనయ:
నేను ఈ కొండోడినే, సవరోళ్ళం. ఇందాకట్నుంచి సదువుతన్నాను, దాచాలా సెప్పాలా అని మీరు మీరు కొట్టుకుంటన్నారు గానీ, మమ్మల్నొకసారి అడుగుదామని ఒక్కరికీ తోచనేదు. ఆ మామిడిచెట్టు కిందనుంచే మా అమ్మ రోజూ ఎల్తది. ఆ పువ్వు అక్కడున్నాదని మా ఊర్లో సిన్నపిల్లలకి కూడా తెలుసు, ఎవులూ ముట్టుకోనేదు. మీకు తెలిసిన మూడు వారాలకి పోయింది. మరి ఎవులి దగ్గర దాచాలి సెప్పండి?

2018లో తిత్లీ తుఫాను వొచ్చినపుడు మా జీడిచెట్లు, పనసచెట్లు, పాత మామిడిచెట్లు ఎన్ని పడిపోయినాయో మీరు సూసినారు. కొత్తగా ఏసిన చెట్లకి బెరడు ఇంకా నున్నగుంటాది, వాటిమీద ఇలగటివి నిలవవు. మిగిలిన ముసిలి చెట్లు ఏళ్ళ మీద లెక్కెట్టొచ్చు. అందులో ఒకటది.

లొకేషన్ పెట్టకండి. పువ్వు సూడాలంటే ఊర్లోకి రండి, మా కుర్రోడెవులో ఒకడు కూడా వొస్తాడు, సూపిస్తాడు, ఫోటో తీసుకోండి, ఎల్లిపోండి. దోటి ఒద్దు.

సముద్రం_గాలి (బారువ):
మాస్టారూ, బదనిక మాట నాకు తెలీక అన్నాను, ఏమనుకోకండి. కానీ తమ్ముడు చెప్పినట్టు ఊర్లోకి వెళ్ళి అడిగితే డబ్బులడగరా? రేపు ప్రతి పువ్వుకీ టికెట్ పెడతారు.

మహేంద్ర_తనయ:
అడుగుతాం, ఎందుకడగం. రోజు కూలి మానుకుని కొండెక్కించినోడికి కూలి ఇవ్వరేటి? మందస ఎల్తే కోవా ఊరికే ఇస్తన్నారా.

పుణ్యగిరి_మబ్బు (ఎస్.కోట):
ఇది నాకు నచ్చింది. మహారాష్ట్రలో కాస్ పీఠభూమికి పూలకాలంలో జనం తోసుకుని వెళ్తుంటే రోజుకి ఇంతమందే అని పరిమితి పెట్టి టికెట్లు పెట్టారు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే అక్కడ కాపలా, గైడ్లు. కానీ అది ఊరూ వాడా తెలిసిన చోటు, వేలమంది వస్తారు. మన కొండకి నలుగురొస్తే ఎక్కువ, దానికి ఆ లెక్క కుదురుతుందా అన్నది నా అనుమానం. నలుగురిలో ఒకడు దోటి తెస్తే చాలు కదా.

టెక్కలి_రాయి:
తమ్ముడూ నువ్వు చెప్పింది కాదనలేను. నేను క్వారీల భయంతో మాట్లాడేను. మాస్టారు చెప్పిన మసక పద్ధతి సరే, ఇంక ఆ అసలు పాయింటు ఊరి దగ్గర కూడా ఒక కాగితం మీద ఉండాలి, గ్రామసభ తీర్మానంలో ఎక్కించండి. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకి అడవినీ జీవవైవిధ్యాన్నీ కాపాడుకునే అధికారం ఇచ్చింది, వాడుకోండి. ఫోటోలు మేం ఇస్తాం. కానీ పబ్లిక్‌లో అస్సలు ఏమీ పెట్టొద్దు అంటే మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను, కనీసం మండలమైనా ఉండాల్సిందే.

కొండగోగు (పలాస):
మండలం వరకు నేనూ దిగొస్తా. పాత ఫోటో రెండు గ్రూపుల్లోంచీ తీసేశా, అప్పటికే ఎంతమంది సేవ్ చేసుకున్నారో తెలీదు. ఒక సంగతి తెలుసుకున్నా, మామూలు కెమెరాతో తీసినా ఫోటో లోపల లొకేషన్ దాగి ఉంటుందిట, వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్ళిపోతుంది. క్లారిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపేవాళ్ళు చూసుకోండి. నా కేసులో బొమ్మ మీదే అచ్చయింది కాబట్టి కత్తిరించడం తప్ప దారి లేదు. తమ్ముడూ, ఆదివారం మీ ఊరొస్తా, పువ్వు కోసం కాదు, అమ్మగారికి మొహం చూపించాలి కదా.

ఇదిగో నిన్న తీసింది, ఈసారి జీపీఎస్ యాప్ కాదు, మెళియాపుట్టి మండలం, రాతి సందులో, నేల మీద, జానెడు ఎత్తు, తెల్లపువ్వు. ఇదేంటి మాస్టారూ?

[ఫోటో]

ఆకు_వెనక (విజయనగరం):
హాబెనేరియాల్లో ఏదో ఒకటి అనిపిస్తోంది, నేల ఆర్కిడ్. పువ్వు వెనకాల తోకలా వేలాడే గొట్టం ఎంత పొడుగుందో చూస్తే గానీ ఏ జాతో చెప్పలేను. పక్కనుంచి తీసింది, ఆకులవీ ఏవైనా ఉన్నాయా?

కొండగోగు (పలాస):
లేవు మాస్టారూ, ఎదురుగా తీసినవే పదిహేను ఉన్నాయి.

మహేంద్ర_తనయ:
అప్పా, ఎనకాల గుడి బోర్డు కనబడతంది. ఊరి పేరుతో సహా.